వెల్లం అడిగిన మనిషి

మలయాళం సినిమా చూడాలంటే ముందు ఓపిక నేర్చుకోవాలని నేను ఊరందరికీ చెప్పేవాణ్ణి. ఆ ఉపన్యాసం ఎప్పుడూ నిలబడే ఇచ్చేవాణ్ణి, కూర్చుని చెప్పేంత ఓపిక నాకు లేదు. ఇంట్లో సినిమా పెట్టుకున్నా అంతే. తెర మీద పెద్దాయన వరండాలో కూర్చుని వాన చూస్తుంటే నేను లేచి హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతాను. ఆపుతాను, మంచినీళ్ళు తాగుతాను, మళ్ళీ పెడతాను. "ఆయన కూర్చున్నంతసేపైనా మీరు కూర్చోలేరా?" అని మా ఆవిడ అడిగేది. రెండు గంటల సినిమా మా ఇంట్లో నాలుగు గంటలు నడుస్తుంది.

నేను కశింకోట దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు మాస్టర్ని. ఇల్లు అనకాపల్లిలో. కరోనాకి బళ్ళు మూసేసిన రోజుల్లో ఫోన్లో ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కితే ఈ పిచ్చి మొదలైంది. పంచాయతీ ఆఫీసులో ఒక గుమాస్తా, అతనికి ఒక ఫైలు కనబడదు, వెతుకుతాడు. అంతే కథ. ఫైటు లేదు. పాట ఉందో లేదో ఇప్పుడు గుర్తు కూడా లేదు. చూడ్డం అయ్యాక నాకు సంతోషం కలగలేదు, ఒళ్ళు మండింది. అన్నేసి కార్లు గాల్లోకి లేపే మనవాళ్ళు ఒక గుమాస్తా మొహం మీద చెమటని ఎందుకు చూపించలేకపోతున్నారని. ఆ మంట మీదే మర్నాడు ఇంకో సినిమా చూశాను, ఆ మర్నాడు ఇంకోటి.

తర్వాత పద్ధతి పెట్టుకున్నాను. మాస్టరుద్యోగం చేసేవాడికి పద్ధతి లేకపోతే తిండి సయించదు. ఒక దర్శకుణ్ణి పట్టుకుంటే మొదటి సినిమా నుంచి చివరిదాకా వరసగా చూడాలి, మధ్యలో ఇంకొకడి జోలికి పోకూడదు. ఒకాయన మనుషుల్ని భోజనాల దగ్గర కూర్చోబెట్టి అన్నం కలుపుతుండగానే కొంపలు ముంచే మాట అనిపిస్తాడు. ఇంకొకాయన ఊరు ఊరంతటినీ ఒకే వీధిలోకి తోలి, అందరి చేతా ఒకేసారి అరిపిస్తాడు. ఆయన సినిమాలు నాకు బాగా పడ్డాయి, ఎందుకంటే వాళ్ళతోపాటు నా కుర్చీలో నేనూ కదులుతూ ఉండొచ్చు. పాతకాలపు ఆయన ఒకరున్నారు, నలుపు తెలుపుల్లో, గీతలు పడిన ప్రింట్లలో దొరుకుతాడు. ఆయన సినిమాలో ఒకావిడ బావి దగ్గర బిందె నింపి నడుము మీద పెట్టుకుని ఇంటిదాకా నడుస్తుంది, మనమూ ఆవిడతో నడవాలి, తప్పదు. ఆ సినిమా మూడు ఆదివారాలు పట్టింది నాకు. అయినా హోటల్లో మాత్రం, "అది చూడకపోతే జన్మ దండగ" అని చెప్పాను.

హోటలంటే బైపాసు పక్కన ఒక రేకుల షెడ్డు. స్కూలుకి వెళ్ళే షేర్ ఆటో అక్కడే ఎక్కుతాను. నడిపేది యాభై అయిదేళ్ళ ఆడమనిషి, పొద్దున్నే ఇడ్లీ, గారెలు, బెల్లం టీ అమ్ముతుంది. చిన్నా పెద్దా అందరూ ఆవిణ్ణి అప్పా అనే పిలుస్తారు, మా వైపు అప్పంటే అక్క. ఆ బల్ల మీద నాకు నలుగురు శ్రోతలు. వాళ్ళలో ముఖ్యుడు మా బావ, సొంత బావ కాదు, వరసకి బావ. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. "నిన్న ఎవుడి సినిమా సూసేవు బావా?" అని అడుగుతాడు. నేను మొదలెడతాను. అందరికీ ఇడ్లీ అయిపోతుంది, నా కథలో ఇంకా గుమాస్తా ఆఫీసుకి బయల్దేరి ఉండడు.

మలయాళం నేర్చుకుంటున్నానని కూడా ప్రకటించేశాను. తెర కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతుంటాయి కదా. నాకు ఇంగ్లీషు చదవడం నిదానం కాబట్టి బొమ్మని ఆపేవాణ్ణి, చదివేవాణ్ణి, వెనక్కి తిప్పి వినేవాణ్ణి, మాటని తెలుగు లిపిలో నోటు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. 'మతి' అంటే చాలు. మనకి మతి పోతుంది, వాళ్ళకి మతి సరిపోతుంది, అని పక్కన చమత్కారం కూడా రాసుకున్నాను. మనం శర్కర అని పద్యాల్లో వాడే మాట అక్కడ వంటింట్లో బెల్లం. 'సారమిల్ల' అంటే పర్వాలేదు. రెండేళ్ళు తిరిగేసరికి మూడు నోటు పుస్తకాలు నిండాయి. స్టాఫ్‌రూములో నన్ను కేరళ మాస్టారనేవారు. నేను వద్దన్నట్టు చెయ్యి ఊపేవాణ్ణి కానీ లోపల బాగానే ఉండేది.

ఈ వేసవి, ఒంటిపూట బడులు. పోయిన వారం మంగళవారం పొద్దున్న కేరళ నంబరు లారీ ఒకటి హోటలు ముందు ఆగింది. డ్రైవరు ఒక్కడే దిగాడు. నలభై అయిదేళ్ళుంటాయి, లుంగీ, బనియను. దిగడం దిగడమే తూలాడు. వచ్చి బల్ల చివర కూలబడ్డాడు. బనియను తడిసి ముద్దయిపోయింది, చేతులు వణుకుతున్నాయి. పెదాలు కదుపుతూ ఒకే మాట అంటున్నాడు.

"ఈ మనిసికేటో అయిపోతంది సూడండి బాబూ," అని అప్ప పొయ్యి దగ్గర్నుంచి వచ్చింది. వంగి అతని నోటి దగ్గర చెవి పెట్టింది. "బెల్లం అడుగుతన్నాడు" అంది. టీ కోసం కొట్టి ఉంచిన బెల్లంలోంచి నిమ్మకాయంత ముక్క తీసి అతని అరచేతిలో పెట్టింది. అతను రెండు చేతులతో నోటి దగ్గరకి తీసుకుని ఒక మూల కొరికాడు.

నేను చేతిలో గ్లాసు పడేసి లేచాను. అయిదేళ్ళ నుంచి నేను ఎదురుచూస్తున్న క్షణం అది. మా ఊళ్ళో, నా ఎదురుగా, ఒక మనిషి మలయాళం మాట్లాడుతున్నాడు, అది నాకొక్కడికే తెలుసు.

"నీకేటైనా మతి పోయిందేటి అప్పా? ఆయన అడుగుతంది నీల్లు! మలయాళంలో వెల్లం అంటే నీల్లు. బెల్లాన్ని శర్కర అంటారు," అన్నాను. అని, అతని చేతిలోంచి బెల్లం ముక్క లాక్కుని బల్ల మీద పెట్టాను. గ్లాసు నీళ్ళు పట్టించాను. సగం తాగాడు, సగం గడ్డం మీంచి కారిపోయింది. మళ్ళీ అదే మాట అన్నాడు. చెయ్యి బల్ల మీదకి చాపాడు. ఇంకో గ్లాసు ముంచి ఇచ్చాను. ఆ గ్లాసుని తోసేశాడు. దాహం తీరింది, అందుకే తోశాడనుకున్నాను. ఇంతలోనే పక్కకి ఒరిగి పడిపోయాడు. బల్ల అంచు తగిలి నుదురు చీరుకుపోయింది.

నూట ఎనిమిదికి ఫోన్ చేసింది నేనే. అంబులెన్సు వచ్చేలోగా ఆటో వచ్చింది, ప్రార్థన గంట టైమైపోతోంది. బావ అతనితో వెళ్తానన్నాడు. నేను స్కూలుకి వెళ్ళిపోయాను. స్టాఫ్‌రూములో ఈ కథ రెండుసార్లు చెప్పాను. రెండోసారి చెప్పినప్పుడు అప్ప బెల్లం పెట్టిన ఘట్టానికి అందరూ పడీ పడీ నవ్వారు.

మర్నాడు హోటల్లో ఆ కథ నాకంటే ముందే చేరింది. "అప్పా, ఓ గ్లాసుడు బెల్లం ఇయ్యి, దాహమేత్తంది," అని బావ అరిచాడు. అప్ప నీళ్ళు తెచ్చిచ్చింది. ఇంకొకాయన, "సెయ్యి కడుక్కుంటాను, సెంబుడు బెల్లం పొయ్యి," అన్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. అప్ప కూడా నవ్వింది, పళ్ళు కనబడకుండా. "మేస్టారు సదూకున్నోరు. నాకేటి తెలుసు," అని పొయ్యి దగ్గరికి పోయింది.

డ్రైవరుకి మెలకువ వచ్చిందని, నుదుటికి కుట్లు పడ్డాయని, బాగానే ఉన్నాడని బావే చెప్పాడు. సాయంత్రం నాలుగు అరటిపళ్ళు కొనుక్కుని ఆసుపత్రికి వెళ్ళాను. పరామర్శ కంటే ఎక్కువ తొందర నాకు మలయాళం మాట్లాడాలని. దారంతా వాక్యాలు కూర్చుకుంటూ నడిచాను.

మంచం పక్కన తెల్లబట్టల సిస్టరొకావిడ కూర్చుని ఉంది. ఆవిడది కేరళే, ఇక్కడి కాన్వెంటులో చాలా ఏళ్ళుగా ఉంటోందట. భాష తెలిసినవాళ్ళు కావాలని ఆసుపత్రివాళ్ళు పిలిపించారు. నేను చేతులు జోడించి, "చేట్టా, సుఖమాణో?" అన్నాను, అన్నా బాగున్నావా అని. అతను నన్ను ఎగాదిగా చూశాడు. సిస్టర్ నవ్వి, "సినిమాలు చూస్తారా మాస్టారూ?" అంది. అతను గబగబా ఏదో చెప్పడం మొదలెట్టాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. నోటు పుస్తకాల్లో ఉన్న మాటలేవీ ఆ ప్రవాహంలో కనబడలేదు. మనిషిని ఆపి వెనక్కి తిప్పలేం కదా.

సిస్టరే చెప్పింది. "తనకి షుగర్ ఉందట. మాత్ర వేసుకుని ఏమీ తినకుండా బండి నడిపాడు. షుగర్ బాగా పడిపోయింది. ఎవరో అమ్మ వెల్లం ఇచ్చిందట, ఒకాయన లాక్కున్నాడట. ఎందుకు లాక్కున్నాడని అడుగుతున్నాడు."

"నేనే సిస్టర్. కానీ నేను లాక్కోలేదు, నీళ్ళు ఇచ్చాను. ఆయన అడిగింది నీళ్ళే కదా?"

"కాదు. వెల్లం అంటే బెల్లం. మా వైపు శర్కర అంటాం. వీళ్ళు ఉత్తరాన మలబారువాళ్ళు, వాళ్ళ ఇళ్ళల్లో వెల్లం అంటారు. నీళ్ళయితే వెళ్ళం." ఆవిడ నోరు కొంచెం తెరిచి నాలిక పైకి మడిచి చూపించింది. "చెప్పండి. వెళ్ళం. వెల్లం."

చెప్పాను. రెండూ ఒక్కలాగే వచ్చాయి. మళ్ళీ చెప్పించింది. మళ్ళీ అంతే. మంచం మీద అతనికి నవ్వొచ్చింది, నవ్వితే కుట్లు లాగినట్టున్నాయి, నుదురు పట్టుకున్నాడు. "ఆ అమ్మ పెట్టింది కొంచెం లోపలికి పోయింది కాబట్టి కాస్త నయమైంది. ఆ ముక్క మొత్తం తినుంటే పడిపోయేవాడే కాదేమో," అంది సిస్టర్. నన్ను నొప్పించాలని కాదు, మామూలుగానే అంది. అతను నా వైపు చెయ్యి ఊపి, "సారమిల్ల," అన్నాడు. అది మాత్రం అర్థమైంది. అరటిపళ్ళు బల్ల మీద పెట్టేసి బయటపడ్డాను.

నేను తెలుగు మాస్టర్ని. మా వైపు పిల్లలు పెళ్ళిని పెల్లి అని, నీళ్ళని నీల్లు అని రాస్తారు, ఎందుకంటే ఇళ్ళల్లో అలాగే అంటారు. ఒకడైతే భక్తుడు కల్లు మూసుకుని ధ్యానించాడని రాశాడు. దాని చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి క్లాసంతటికీ చదివి వినిపించి నవ్వించాను. ఇరవై రెండేళ్ళుగా ఆ సున్నాలు చుడుతూనే ఉన్నాను. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి మొదటి నోటు పుస్తకం తీశాను. రెండో పేజీలో నా దస్తూరీతో ఉంది: వెల్లం - నీరు. ఎన్ని సినిమాల్లో ఎంతమంది నాలిక మడిచి అడిగి ఉంటారు ఆ నీళ్ళు! నేను కింద అక్షరాలు చదివాను, మనుషుల్ని వినలేదు. మా ఆవిడ ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాను. టీవీ పెట్టబోతే కట్టెయ్యమని కసురుకున్నాను. ఆవిడ వింతగా చూసింది.

గురువారం పొద్దున్న అప్పకి చెప్పేద్దామనే వెళ్ళాను. వెళ్ళేసరికి ఆవిడ కళ్ళు వాచి ఉన్నాయి. బావ ముందురోజు సాయంత్రం వచ్చి, అంబులెన్సులో వేలు గుచ్చి షుగర్ అన్నారని, ఆ డ్రైవరు షుగర్ పేషెంటని చెప్పి వెళ్ళాడట. పెరిగిందో పడిపోయిందో బావకి తెలీదు. అప్పకి అంతకంటే తెలీదు.

"షుగరోడికి బెల్లమెట్టేసేను మేస్టారూ. నోట్లో పెట్టుకున్నాడో లేదో పడిపోయేడు గదా. మీరు లాక్కోబట్టి బతికేడు. లేకపోతే సంపేసుందును," అంది. నా కాళ్ళకి దణ్ణం పెట్టేటంత పని చేసింది. నా నోట్లో మాట నాలిక చివరే ఉంది. బల్ల మీద నలుగురూ ఉన్నారు. బావ, "మా బావ లేకపోతే ఆ రోజు కేసయిపోయేది," అన్నాడు. అప్ప నాకు టీ తెచ్చిచ్చింది. తాగాను. ఆటో వచ్చింది, ఎక్కేశాను.

ఆటోలో అప్పని ఎరిగిన కూలి మనిషి ఒకావిడ చెప్పింది, అప్ప రాత్రి అన్నం తినలేదని, ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్తుందని. వాళ్ళ చర్చిలో ఆదివారం పూట ఎవరికైనా చెప్పుకోవలసింది ఉంటే లేచి మైకులో చెప్తారు. దేవుడు చేసిన మేళ్ళు చెప్తారు, తాము చేసిన పాపాలూ చెప్తారు.

అక్కణ్ణుంచి మూడు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. శుక్రవారం ఆటో వేరే చోట ఎక్కాను. క్లాసులో ఒక పద్యం సగం చెప్పి ఆపేశాను, పిల్లలే మిగతా సగం అందుకున్నారు. శనివారం హోటలు దాకా వెళ్ళి, బావ కనబడగానే ఏదో మర్చిపోయినట్టు జేబులు తడుముకుంటూ వెనక్కొచ్చేశాను. ఎవరూ లేనప్పుడు చెప్తే బాగుంటుందనుకున్నాను. నలుగురిలో నవ్వించినవాణ్ణి ఎవరూ లేనప్పుడు చెప్పుకోవాలని చూస్తున్నానని నాకు తెలుస్తూనే ఉంది. సాయంత్రం మనసు మళ్ళించుకుందామని ఆ పాతకాలపాయన సినిమా పెట్టాను. బిందె ఎత్తుకున్నావిడ నడవడం మొదలెట్టగానే కట్టేశాను. ఏ దర్శకుడూ నన్ను కూర్చోబెట్టలేకపోయాడు.

ఆదివారం ఆవిడ చర్చికి బయల్దేరేలోగా పొద్దున్నే వెళ్ళాలి. స్నానం చేశాను, చొక్కా వేసుకున్నాను, పేపరు చదివాను, మళ్ళీ చదివాను. వెళ్ళేసరికి పన్నెండైంది. అప్ప చర్చి నుంచి వచ్చేసింది. తెల్లచీర మీదే పొయ్యి ముట్టిస్తోంది. బైబిలు బల్ల మీద ఉంది. షెడ్డులో ఇంకెవరూ లేరు. నన్ను చూసి నవ్వింది. వారం రోజుల్లో మొదటిసారి ఆ మొహం తేటగా ఉంది.

"సెప్పేసేను మేస్టారూ. మైకట్టుకుని అంతా సెప్పేసేను. గుండెల్లో బరువు దిగిపోయింది," అంది.

అక్కడితో ఊరుకోవచ్చు. ఆవిడ బరువు దిగిపోయింది, డ్రైవరు ఊరికి వెళ్ళిపోయాడు, సిస్టర్ ఈ హోటలుకి టీ తాగడానికి రాదు. ఈ ఆలోచన రాలేదని చెప్తే అబద్ధమవుతుంది. వచ్చింది, కాసేపు నిలబడింది కూడా. కానీ ఆవిడ అలవాటుగా బెల్లం కొట్టడానికి కత్తి అందుకుని, అంతలోనే ఆగి, "టీ పెట్టనా? పంచదార ఏసి పెడతాను, బెల్లం మానేసేను" అనేసరికి ఇంక ఉండలేకపోయాను. నిలబడే చెప్పాను. మొదటినుంచీ చెప్పాను. ఆయన అడిగింది బెల్లమేనని, ఆవిడకి సరిగ్గానే వినబడిందని, పడిపోయింది షుగర్ తగ్గిపోయి అని, ఆవిడ పెట్టిన ఆ కాస్తే మంచి చేసిందని, ముక్క లాక్కున్నది తప్పని.

ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. చేతిలో కత్తి బల్ల మీద పెట్టింది.

"అయితే నాను సెప్పింది అబద్దమా?"

నాకు అర్థం కాలేదు.

"దేవుడి ముందర నిలబడి, మనిసిని సంపబోయేనని సెప్పేను. పెద్దోల్లు, పిల్లలు, అందరూ నాకోసం కల్లు మూసుకుని పార్దన సేసేరు. అది అబద్దమా మరి?"

"నీది కాదప్పా తప్పు..."

"నీకెప్పుడు తెలిసింది?"

అప్ప నన్ను నువ్వు అనడం అదే మొదలు.

"బుధవారం."

"గురారం నాను ఏడుత్తంటే ఇక్కడే కూకుని టీ తాగేవు."

"తాగాను."

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. పొయ్యి మీద నీళ్ళు మరుగుతుంటే మంట తగ్గించి, నా వైపు చూడకుండానే చెప్పింది. "నాను మల్లీ నిలబడలేను. ఏటని సెప్పను? వొచ్చే ఆదివారం నువ్వొచ్చి సెప్పు. ఎవులైనా సెప్పొచ్చు, మైకిత్తారు."

వస్తానన్నాను. ఇవాళ శనివారం. పొద్దుట్నుంచి హాల్లో తిరుగుతూ రేపు చెప్పవలసింది కూర్చుకుంటున్నాను. మొదట సినిమాల గురించి చెప్పి అక్కణ్ణుంచి వద్దామనుకున్నాను, బాగోలేదు. భాష కష్టమైనదని మొదలెట్టాను, అది సాకులా వినిపించింది. ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వస్తే మిగిలింది ఇంతే: ఈవిడ తిండి పెట్టింది, నేను లాక్కున్నాను, తెలిసి కూడా ఈవిణ్ణి ఏడవనిచ్చాను. ఈ మూడూ నోటికి వచ్చేశాయి. పూర్తిగా పైకి అనడం మాత్రం ఇంకా ఒక్కసారి కూడా కుదరలేదు.